జేబులో చాకా, ఫోనా? బావమరిదితో పందెం వేశాను, మీరే తీర్పు చెప్పండి

పెరంబూరు బావ | ఆదివారం రాత్రి 9:12

చెన్నైలో ఉన్న మనవాళ్లందరికీ నమస్కారం. ఇక్కడ ఇంటి అద్దెల గోడు, గోంగూర ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నలే చదువుతుంటాను, రాయడం మాత్రం ఇదే మొదలు. విషయం చిన్నదే, మా ఇంట్లో మధ్యాహ్నం నుంచి నలుగుతోంది.

నా ప్యాంటు కుడి జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుంది. మా నాన్నది. ఆయన పెరంబూరు ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, వడ్రంగి. మూడంగుళాల అలుగు, చెక్క పిడి, పిడికి రెండు ఇత్తడి మేకులు. సాన పట్టీ పట్టీ అలుగు నడుము దగ్గర సన్నబడిపోయింది. స్టెయిన్‌లెస్ కాదు, నిమ్మకాయ కోసి తుడవకపోతే గంటలో నల్లబడుతుంది. పిడి చివర కొంచెం కాలి ఉంటుంది. అది నా నిర్వాకమే, చిన్నప్పుడు దాంతో దీపం వత్తి ఎగదోయబోయాను.

ఇవాళ భోజనానికి మా బావమరిది వచ్చాడు. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను జేబులోంచి చాకు తీసి పార్సిల్ విప్పుతుంటే పకపకా నవ్వాడు. “బావా, ఇంకా ఈ చాకు మోస్తున్నావా? ఫోన్‌లో లేనిదేముంది?” అన్నాడు. “అయితే ఈ పార్సిల్ నీ ఫోన్‌తో విప్పు” అన్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి మా ఆవిడ తీర్పిచ్చింది. నేను వారం రోజులు చాకు ముట్టుకోకూడదు. వాడు ఒక్క రోజు ఫోన్ ముట్టుకోకూడదు. ఎవరికి ఎక్కువ ఇబ్బందైతే వాళ్ల వస్తువు గొప్పదన్నట్టు. ఓడినవాడు మా ఇంటి అటక సర్దాలి. పదేళ్లుగా ఎవరూ ఎక్కని అటక అది.

చాకు ఇప్పుడు మా ఆవిడ బీరువాలో ఉంది. మీ జేబుల్లో ఏముంటుంది, దేనికి వాడతారు, చెప్పండి.

---

మూడు శాతం చార్జింగ్ | ఆదివారం రాత్రి 9:40

అన్నా, అటక సర్దడానికి మాస్కు కొనిపెట్టుకో. నువ్వే ఓడతావు.

నేను చెన్నై వచ్చినప్పుడు తమిళం ఒక్క అక్షరం రాదు. షోలింగనల్లూరులో బస్సు బోర్డు చదవలేక మొదటి వారం రోజూ ఎవరో ఒకరిని అడిగేవాణ్ణి. తర్వాత ఫోన్ కెమెరా బోర్డు వైపు తిప్పితే చాలు, తెలుగులో చూపించేది. మందుల చీటీ, కరెంటు బిల్లు, ఇంటి అగ్రిమెంటు, అన్నీ అలాగే చదివాను. బండి కాగితాలు డిజిలాకర్‌లో, డబ్బులు యూపీఐలో, రైలు టికెట్ యాప్‌లో. చీకట్లో టార్చి కూడా అదే. రకరకాల పనిముట్లు ఒకే పిడిలో ఉండే స్విస్ కత్తి అని గొప్పగా చెప్పుకుంటారే, ఇప్పటి స్విస్ కత్తి ఫోనే.

చాకుతో ఏం చేస్తాం? జామకాయ కోస్తాం. కోసి ఇమ్మంటే అమ్మేవాడే కోసి ఉప్పూ కారం చల్లి ఇస్తాడు.

---

రిటైర్డ్ పోస్టు | ఆదివారం రాత్రి 10:25

తమ్ముడూ, స్విస్ కత్తి పేరెత్తావు కాబట్టి చెబుతాను. దాన్ని ఎవరూ గొప్ప కోసం చేయలేదు. స్విట్జర్లాండు సైనికులకు కొత్త రైఫిళ్లు ఇచ్చారు. వాటిని విప్పడానికి స్క్రూడ్రైవరు కావాలి, డబ్బా తిండి విప్పుకోవడానికి ఓపెనరు కావాలి. రెండూ ఒకే పిడిలో పెట్టించారు. మొదటి విడత కత్తులు జర్మనీలో చేయించుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఈబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ అనే కత్తులు చేసే ఆయన ఆ పని తమ స్విట్జర్లాండులోనే చేద్దామని పట్టుబట్టాడు. అధికారుల కోసం ఇంకాస్త తేలికగా, ఇంకో చిన్న అలుగు, వైన్ సీసా బిరడా తీసే మర కూడా కలిపి చేసిన మోడల్‌ను 1897 జూన్ 12న రిజిస్టరు చేయించుకున్నాడు. ‘స్విస్ ఆర్మీ నైఫ్’ అన్న పేరు మాత్రం అమెరికా సైనికులు పెట్టింది. అసలు జర్మన్ పేరు వాళ్లకు నోరు తిరగలేదు. ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా, దానికి స్టెయిన్‌లెస్ ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ కలిపితే విక్టోరినాక్స్ అయింది.

ఇక ఫోన్ సంగతి. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కు కూడా డబ్బులే. ఫోన్ మోగితే ఎవరిదో చూసుకుని, కట్ చేసి, పక్కనున్న టెలిఫోన్ బూత్‌కు పరుగెత్తేవాళ్లం. అలాంటి రోజుల్లో కూడా నా జేబులో చాకుంది. పోస్టాఫీసులో సంచుల దారం తెంపడానికి, లక్క ముద్ర గీకడానికి అది లేకపోతే కుదిరేది కాదు.

---

పెరంబూరు బావ | ఆదివారం రాత్రి 10:31

పెద్దాయనా, వచ్చినందుకు సంతోషం. మీ చాకు ఇంకా ఉందా?

---

రిటైర్డ్ పోస్టు | ఆదివారం రాత్రి 10:50

రిటైరైన ఏడాదే మనవడి పెళ్లికి విమానంలో వెళుతూ చేతిసంచిలో మరిచిపోయాను. తనిఖీ దగ్గర తీసి డబ్బాలో వేయమన్నారు. వాళ్ల తప్పేం లేదు, రూలు రూలే. పెట్టెలో పెట్టి సామానులో వేసి ఉంటే పోయేది కాదు. ఆ డబ్బాలో అప్పటికే ముప్పై దాకా ఉన్నాయి. గోళ్ల కత్తెర్లు, చాకులు, ఒక అడకత్తెర కూడా. పాపం ఆ అడకత్తెర ఎవరిదో.

---

అమ్మమ్మ అడకత్తెర | సోమవారం ఉదయం 6:55

నాది కాదండీ, నాది ఇంట్లోనే ఉంది 😀

---

వైరుముక్క | సోమవారం ఉదయం 7:30

నేను ఎలక్ట్రీషియన్ని. సూళ్లూరుపేట మనిషిని, అంబత్తూరులో పని. నాకు ఈ పోటీయే అర్థం కాలేదు.

పొద్దున పాత డీబీ, అంటే ఇంటి కరెంటు వైర్లన్నీ కలిసే పెట్టె, విప్పాలి అనుకోండి. మూత తీయగానే మొట్టమొదట చేసే పని ఫోన్‌తో ఫోటో కొట్టడం. ఏ వైరు ఏ ఎంసీబీ స్విచ్చికి పోతుందో అందులో ఉంటుంది. ఎవడో ఎప్పుడో ఫేజుకు నల్ల వైరు, న్యూట్రల్‌కు ఎర్ర వైరు వేసి ఉంటాడు, నువ్వు రంగు నమ్మితే పోయావే. నేను ఫోటో తీయడం మొదలెట్టాక తిరిగి వెళ్లి సరిచేసిన పనులు బాగా తగ్గాయి. ఆ తర్వాత చాకు. లావు కేబుల్ పైతొడుగు చుట్టూ తేలిగ్గా గీటు పెట్టి విరిచి లాగాలి. లోతుగా కోస్తే రాగి తీగ మీద గాటు పడుతుంది, అక్కడే రేపు వేడెక్కి కాలుతుంది. ఈ చెయ్యి తూకం ఏ యాప్‌లోనూ ఉండదు.

ఇంకో మాట. ఫోన్ టార్చి నోట్లో పట్టుకుని పని చేయకండి. నేను చేశాను. చొల్లు లోపలికి పోయి స్పీకరు పోయింది.

---

గుమ్మిడిపూండి లోకల్ | సోమవారం ఉదయం 8:05, రైల్లోంచి

వైరుముక్క అన్నా, చొల్లు 😂

నాకు మాత్రం ఫోన్ అంటే ఒక వింత అనుభవం. కొన్నాళ్లు శ్రీపెరంబుదూరు వైపు ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేశాను. షిఫ్టులో వేలల్లో ఫోన్లు కళ్లముందు బెల్టు మీద పోయేవి. మా ఫోన్లు మాత్రం గేటు దగ్గర లాకర్‌లో. లోపలికి చాకు కూడా రానిచ్చేవాళ్లు కాదు. అట్టపెట్టెలు కోసే కట్టర్లు గొలుసుతో బల్లకు కట్టి ఉండేవి, షిఫ్టు అయ్యాక లెక్క అప్పజెప్పాలి. ఎనిమిది గంటలు రెండూ లేకుండా బతికాం. టీ తాగేటప్పుడు ఒకరి మొహాలు ఒకరం చూసుకుని మాట్లాడుకునేవాళ్లం. పక్క లైనులో పనిచేసే అమ్మాయి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, పెళ్లి అయిందని అర్థం.

---

మూడు శాతం చార్జింగ్ | సోమవారం ఉదయం 10:15

అన్నా కథ బాగుంది కానీ అది చాకు ఖాతాలో ఎలా వేస్తాం?

నాకొక డౌటు. జేబులో చాకు పెట్టుకుని తిరిగితే పోలీసులు పట్టుకోరా? కేసు కాదా?

---

నిర్వాహకులు | సోమవారం ఉదయం 11:00

ఈ ప్రశ్న ఇక్కడ చాలాసార్లు వచ్చింది కాబట్టి ఒకసారి రాస్తున్నాం. ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులు లైసెన్సు లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమలకు చేసినవి వేరు. బావగారి మూడంగుళాల చాకు దానికి దరిదాపుల్లో లేదు. అయినా ఎంత పొడవన్నదే కాదు, ఎక్కడ, ఎందుకు తీశారన్నది ముఖ్యం. విమానం చేతిసంచిలో వద్దు. మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు, కోర్టుకు వెళ్లేటప్పుడు, సామాను స్కాన్ చేసే చోట్లకు వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లండి. బస్సులో తీసి గోళ్లు గీక్కోకండి. బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేవి సరదాకు కూడా కొనకండి.

---

కొత్త సభ్యుడు 88 | సోమవారం మధ్యాహ్నం 1:20

మా చెల్లికి రాత్రి షిఫ్టు. ఆత్మరక్షణకు చాకు మంచిదా, పెప్పర్ స్ప్రే మంచిదా?

---

అమ్మమ్మ అడకత్తెర | సోమవారం మధ్యాహ్నం 2:05

చాకు వద్దు. నేను ఆస్పత్రిలో క్యాజువాల్టీలో నర్సుని, అందుకే గట్టిగా చెబుతున్నా. చాకు తీసినవాళ్ల చేతులకే ముందు కుట్లు పడతాయి. అవతలివాడికి బలముంటే లాక్కుంటాడు. లాక్ లేని మడత చాకైతే పొడిచినప్పుడు వెనక్కి మడుచుకుని మన వేళ్ల మీదే పడుతుంది. మీ చెల్లెలి ఫోన్‌లో 112 ఎలా నొక్కాలో, తాను ఎక్కడుందో మీకు ఎలా కనబడాలో ఇవాళే సెట్ చేసి ఇవ్వండి. పవర్ బటన్ వరుసగా నొక్కితే అత్యవసర కాల్ పోయే ఏర్పాటు ఫోన్లలో ఉంటుంది, మోడల్‌ను బట్టి మూడుసార్లో అయిదుసార్లో. ఒకసారి సెట్టింగ్స్‌లో చూసి, అమ్మాయి చేతే నొక్కించి అలవాటు చేయండి. ఈ ఒక్క విషయంలో నేను కళ్లు మూసుకుని ఫోన్ పక్షం.

చాకు పక్షం ఎక్కడంటే, మా ఇంట్లో పసిపిల్లల తలగడ కింద. మా అమ్మమ్మ పెట్టేది, పీడకలలు రావని. ఇనుము ఉంటే చాలు అనేది. నా కూతురు పుట్టినప్పుడు నేను మడిచిన చాకు గుడ్డలో చుట్టి పరుపు కింద పెట్టా, పిల్లకు అందకుండా. నమ్మకం లేదు, కానీ పెట్టకపోతే అమ్మమ్మ నిద్రపోదు.

---

పెరంబూరు బావ | మంగళవారం రాత్రి 9:30

రెండు రోజుల లెక్క. కాగితం మీద గీతలు పెట్టుకుంటున్నాను.

సోమవారం ఆఫీసుకు స్పేర్ పార్టుల పెట్టె వచ్చింది, ప్లాస్టిక్ పట్టీలు బిగించి. జేబులోకి చెయ్యి పోయింది, ఖాళీ. తాళంచెవితో రంపంలా కోశాను. పట్టీ తెగింది కానీ తెగేటప్పుడు ఎగిరి ముంజేతికి తగిలింది, గీరుకుపోయింది. సాయంత్రం మందుల షాపువాడు మాత్రల పట్టీ సగం కత్తిరించి ఇచ్చాడు, అంచు వాడిగా ఉంది, దాన్ని చెరపడానికి మళ్లీ చెయ్యి పోయింది.

ఇవాళ కొత్త చొక్కా ధర చీటీ. అది ప్లాస్టిక్ దారంతో కాలర్‌కు ఉంటుంది కదా. లాగాను, రాలేదు. పళ్లతో కొరికాను. కాలర్‌కు చిల్లు పడింది, పైగా కింది పన్నుకున్న క్యాప్ కదులుతోంది. డెంటిస్టుకు ఎంతవుతుందో మా ఆవిడ లెక్కేసి చెప్పింది. చాకు ధర కంటే చాలా ఎక్కువ.

కానీ నిజం ఒప్పుకోవాలి. పని ఎక్కడా ఆగలేదు.

---

మూడు శాతం చార్జింగ్ | మంగళవారం రాత్రి 9:41

అదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది!! పని ఆగలేదు. అంటే అవసరం లేదు.

---

మిద్దెతోట | బుధవారం ఉదయం 5:50

మూడు శాతం తమ్ముడూ, ఒకసారి మడిపాక్కం వచ్చి మా మిద్దె మీద గులాబీకి కన్ను అంటు కట్టి చూపించు, తాళంచెవితో.

వేరుమొక్క, అంటే అంటు కట్టించుకునే మొక్క, కాడ మీద ఇంగ్లీషు ‘టి’ అక్షరంలా బెరడు వరకే గీటు పెట్టాలి. లోపలి కట్టెకు తగలకూడదు. మనకు కావలసిన రకం కొమ్మ నుంచి ఒక కన్ను, చుట్టూ కాస్త బెరడుతో సహా, పడవ ఆకారంలో ఒక్క లాగులో తీయాలి. రెండోసారి కత్తి పెట్టావా, అంచు నలుగుతుంది. నలిగిన చోట అతుక్కోదు, మూడు వారాల తర్వాత నల్లబడి రాలిపోతుంది. ఆ కన్నును బెరడు సందులోకి జార్చి, కన్ను మాత్రం బయటికి కనబడేలా ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. దీనికి అలుగు ఒకవైపే సాన పట్టిన చిన్న చాకు వాడతాను. ప్రతి మొక్కకూ మధ్య స్పిరిట్‌తో తుడుస్తాను, లేకపోతే ఒకదాని తెగులు ఇంకోదానికి.

మొదటి ఏడాది పన్నెండు కడితే రెండు బతికాయి. నేర్చుకున్నదంతా ఫోన్‌లో వీడియోలు చూసే, అది దాచను. బెంగళూరులో మా అక్క ప్రతి జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్లి ఫోటోలు పంపుతుంది, అవి చూసే ఈ పిచ్చి పట్టుకుంది. కానీ వీడియోలో ఆ ‘ఒక్క లాగు’ ఎంత ఒత్తిడితోనో కనబడదు. పది కొమ్మలు పాడైతే చేతికి తెలిసింది.

---

గుమ్మిడిపూండి లోకల్ | బుధవారం ఉదయం 8:10

అక్కా, ఎన్ని రంగులు ఒకే చెట్టుకు?

---

మిద్దెతోట | బుధవారం ఉదయం 8:22

ఇప్పటికి మూడు. నాలుగోది కోతి పీకేసింది.

---

వైరుముక్క | బుధవారం రాత్రి 8:45

అందరూ ఒకటి మరిచిపోయారు. ఫోన్‌ను బాగుచేసేది కూడా చాకే. మొన్న మా ఓనరు కొత్త చార్జర్ కొన్నాడు, పాతది పనిచేయట్లేదని. కొత్తదీ పనిచేయలేదు. ఫోన్ పోయిందని తీర్మానం. నేను చూస్తే చార్జింగ్ పెట్టే రంధ్రంలో జేబులోని దూది పీచు గట్టిగా దట్టించుకుపోయి ఉంది, పిన్ను పూర్తిగా లోపలికి పోవట్లేదు. ఫోన్ ఆపేసి, నా స్విస్ చాకులో ఉండే ప్లాస్టిక్ పంటిపుల్లతో మెల్లిగా గీకితే ఇంత ఉండ వచ్చింది. పెడితే చార్జింగ్ ఎక్కింది. సూది, పిన్నీసు మాత్రం పెట్టకండి, లోపలి కాంటాక్టులు వంగిపోతాయి.

---

పెరంబూరు బావ | గురువారం రాత్రి 10:05

ఇవాళ బావమరిది వంతు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పొద్దున 7 గంటలకు ఫోన్ వాళ్లమ్మకిచ్చి బయల్దేరాడు. బస్సుకు చిల్లర లేదు, 500 నోటు ఇస్తే కండక్టరు తమిళంలో ఆశీర్వదించాడు. ఆఫీసుకు చేరాడు. ల్యాప్‌టాప్ తెరిస్తే ఓటీపీ అడిగింది. ఓటీపీ ఫోన్‌కు వస్తుంది. ఫోన్ ఇంట్లో. సాయం అడుగుదామంటే కంప్యూటర్‌లో ఐటీవాళ్లకు టికెట్ (ఫిర్యాదు) పెట్టాలి, టికెట్ పెట్టాలంటే లాగిన్ కావాలి. పక్కవాడి ఫోన్ తీసుకుని పెళ్లానికి చేద్దామనుకున్నాడు. నంబరు గుర్తులేదు. ఆరేళ్ల కాపురం! వాడికి నోటికొచ్చిన నంబరు ఒక్కటే, చిన్నప్పటి నెల్లూరు ల్యాండ్‌లైన్, అది తీసేసి పదిహేనేళ్లయింది. టీ కొట్టువాడు చిల్లర లేదంటే 15 రూపాయలు బాకీ పెట్టి వచ్చాడు. 11:20కి సగం రోజు సెలవు రాయించుకుని ఇంటికి. మొత్తం 4 గంటల 20 నిమిషాలు.

పందెం ప్రకారం వాడికే ఇబ్బంది ఎక్కువ. అంటే ఫోనే గొప్పది, వాడే గెలిచాడు. అటక నేను సర్దాలి. కానీ వాడు గెలిచినట్టు లేడు, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

---

రిటైర్డ్ పోస్టు | గురువారం రాత్రి 10:40

నాకు ఈ తీర్పు నచ్చలేదు. ఉపయోగం వేరు, తప్పించుకోలేకపోవడం వేరు. మీ బావమరిది ఇబ్బంది పడింది ఫోన్ అంత గొప్ప పనిముట్టు అవడం వల్ల కాదు. మిగతా దారులన్నీ మూసేసి ఆ ఒక్క తలుపే ఉంచడం వల్ల. టెలిఫోన్ బూత్‌లు పోయాయి, చిల్లర పోయింది, నంబర్లు రాసుకునే డైరీ పోయింది. రేపు అన్ని తలుపులకూ చాకుతోనే తెరిచే తాళాలు పెడితే చాకు లేనివాడు కూడా వీధిలోనే నిలబడతాడు.

---

మూడు శాతం చార్జింగ్ | గురువారం రాత్రి 10:58

తాతగారూ, మాట బాగుంది, కానీ ఆ మూసిన దారులు అంత బాగుండేవా? మా నాన్న హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఇంటికి డబ్బు అందిందో లేదో తెలియడానికి వారం పట్టేదట. మనియార్డరు మీ చేతుల మీదుగానే వెళ్లి ఉంటుంది. ఇప్పుడు నేను పంపిన డబ్బు అమ్మకు ఆ క్షణమే టింగుమంటుంది. ఆ తలుపు ఎవరో మూయలేదు, మనమే వదిలేసి వచ్చాం.

---

రిటైర్డ్ పోస్టు | గురువారం రాత్రి 11:10

మనియార్డరు మాట నిజమే. వారం కాదు, పండగలప్పుడు పది రోజులు పట్టేది.

---

అమ్మమ్మ అడకత్తెర | శుక్రవారం మధ్యాహ్నం 3:30

ఎవరూ 2015 డిసెంబరు ఎత్తలేదేం? మేం అప్పుడు కొట్టూర్‌పురంలో, మొదటి అంతస్తు. డిసెంబరు 1 రాత్రి అడయారు నీళ్లు మెట్ల మీదకు వచ్చాయి. కరెంటు పోయింది. తెల్లారేసరికి సిగ్నల్ పోయింది. నా ఫోన్‌లో 40 శాతం చార్జింగ్ ఉంది, ఏం లాభం, గీతలు లేవు. అది గడియారంగా, టార్చిగా మాత్రం పనికొచ్చింది, మూడో రోజు అదీ లేదు.

మిద్దె మీద పక్కింటి తాతగారు నీళ్ల ట్యాంకు మీది టార్పాలిన్ తాళ్లు కోసి పందిరి కట్టారు, మామూలు మడత చాకుతో. అందరికీ పాల పొడి ప్యాకెట్లు కోసిందీ, పడవవాళ్లు విసిరిన మూటల ముడులు తెంపిందీ అదే. ముడి తడిసి బిగుసుకుంటే వేళ్లతో రాదు, ప్రయత్నించి చూడండి.

కానీ ఫోన్‌ను తీసిపారేయను. మాకు సిగ్నల్ లేకపోయినా బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు వాట్సాప్‌లో, ట్విట్టర్‌లో మా వీధి పేర్లు పెట్టి పడవలు అడిగారు. మా గేటు దగ్గరికి పడవ వచ్చింది హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు పెట్టిన మెసేజి వల్ల. అది నాకు వారం తర్వాత తెలిసింది.

---

పెరంబూరు బావ | శుక్రవారం రాత్రి 9:15

ఇది చదివి మా ఆవిడ బీరువా తెరిచి చాకు నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టింది. కత్తి చేతికిస్తే గొడవలట. అయినా పందెం ఆదివారం దాకా ఉంది, ముట్టుకోలేదు.

---

పెరంబూరు బావ | ఆదివారం సాయంత్రం 6:40

వారం అయిపోయింది. మొత్తం తొమ్మిది గీతలు. తొమ్మిదిసార్లూ పని వేరే దేంతోనో అయింది. తాళంచెవి, పళ్లు, పక్కవాడి కట్టరు, ఒకసారి స్టాప్లర్ పిన్నులు పీకేది. తొమ్మిదిసార్లలో నాలుగుసార్లు ఏదో ఒకటి పాడైంది, కాలర్‌తో సహా. చాకు లేకపోతే పని ఆగదు, కానీ పని మొరటుగా అవుతుంది. నాకు అర్థమైంది అంతే.

అటక ఇవాళ సర్దాను. బావమరిది కూడా వచ్చాడు, నేను రమ్మనలేదు. కొబ్బరితాడుతో కట్టిన పాత ట్రంకు పెట్టె దిగింది. తాడు కోయమని చాకు వాడికిచ్చాను. వాడు అలుగును తాడు మీద పెట్టి కిందికి నొక్కుతున్నాడు, రంపపు పొట్టులా పీచు రాలుతోంది కానీ తెగట్లేదు. తాడును మడిచి లోపలి నుంచి తనకు దూరంగా లాగమన్నాను. ఒక్క లాగుకు తెగింది. “ఓ” అన్నాడు. తర్వాత అవసరం లేని తాళ్లన్నీ కూడా కోసేశాడు.

పెట్టెలో మా నాన్న సానరాయి దొరికింది. ఒకవైపు గుంట పడి పడవలా ఉంది. గుంట పడిన రాయి మీద సాన పడితే అలుగు వంకరవుతుందని విన్నాను. వీధిలో ‘కత్తీ... సాణై’ అని అరుస్తూ సైకిలు మీద వచ్చే ఆయన ఇప్పుడు పెరంబూరు వైపు రావడం లేదు. రాయి చదును చేసే దారి ఎవరికైనా తెలుసా?

---

వైరుముక్క | ఆదివారం సాయంత్రం 7:15

సిమెంటు గచ్చు మీద నీళ్లు పోసి, సన్న ఇసుక చల్లి, రాయి బోర్లించి గుండ్రంగా రుద్దండి. ముందు రాయి మీద పెన్సిల్‌తో అడ్డగీతలు గీయండి, గీతలన్నీ చెరిగిపోతే చదునైనట్టు. ఓపిక కావాలి, గంట పడుతుంది. అద్దం ముక్క మీద ఎమెరీ కాగితం పరిచినా అవుతుంది. ఎక్కువగా వేడెక్కించే మోటారు చక్రం మీద మాత్రం ఆ పాత అలుగు పెట్టించకండి, నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు.

---

మిద్దెతోట | ఆదివారం రాత్రి 8:02

మీ పందెంలో బావమరిది పెళ్లాం నంబరు బట్టీ పట్టాడా లేదా, అది చెప్పండి ముందు.

---

పెరంబూరు బావ | ఆదివారం రాత్రి 8:20

పట్టాడు. చివరి రెండంకెలు తారుమారు చేస్తున్నాడు.

వైరుముక్క అన్నా, ఇంకో చిన్న సంగతి. అలుగు మడిచేటప్పుడు కిర్రుమంటోంది, బిగుసుకుపోయింది. కొబ్బరినూనె వేయనా?

---

వైరుముక్క | ఆదివారం రాత్రి 8:26

కొబ్బరినూనె వద్దు, నెల తిరిగేసరికి జిగురై మట్టి పట్టుకుంటుంది. ముందు కీలు సందులోని మురికి పంటిపుల్లతో తీసేసి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి ఇరవైసార్లు తెరిచి మూయండి. నల్లటి నూనె బయటికొస్తుంది, గుడ్డతో తుడవండి. వేళ్లు అలుగు దారిలో పెట్టకండి.